వెనక పట్టు

ఈ నెల నడుము నొప్పి గురించి రాస్తానని పోయిన సంచికలో మాటిచ్చాను. దాన్ని వచ్చే నెలకు జరుపుతున్నా, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అందులో తప్పు సగం కన్నా ఎక్కువ నాదే. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది, ఫోన్‌లో కుస్తీ వీడియోలు ఉన్నాయి, వాటిని చూసే పోరగాండ్లు ఉన్నారు. అందుకే దాచుకోకుండా రాస్తున్నా.

ముందు పుణె సంగతి చెప్పాలి. మా ఇంటామెకు కంటి ఆపరేషన్ అయితే నెలన్నర మా బిడ్డ ఇంట్లోనే ఉన్నాం. అక్కడ నాకు పనేముంటది? పొద్దున పేపరు, సాయంత్రం మనవరాలిని క్లాసుకు తోలుకపోవడం. పదహారేండ్ల పిల్ల, తోడెందుకు తాతా అని అదే అంటది, అయినా నేను పోయేవాణ్ని. హార్డ్‌వేర్ దుకాణం మీద ఒక హాలు. నేలంతా మందపాటి మ్యాట్లు. పిల్లలు తెల్ల బట్టలేసుకుని నడుముకు బెల్టు కట్టుకుని ఉంటే కరాటే అనుకున్నా. కాదట. బ్రెజిలియన్ జియు-జిత్సు అట.

సోలాపూర్‌లో మిల్లులో చేరిన కొత్తలో రెండో షిఫ్టు ఉన్న రోజుల్లో పొద్దున్నే తాలీమ్‌కు పోయి ఎర్రమట్టిలో దొర్లినవాణ్ని నేను. పెద్ద పహిల్వాన్‌ను కాను. జాతరల్లో చిన్న చిన్న కుస్తీలు కొన్ని పట్టాను, గెలిచినవాటి కన్నా ఓడినవే ఎక్కువ. కానీ పట్టు అంటే ఏందో ఈ ఒంటికి తెలుసు. అందుకే మొదటిరోజు బెంచీ మీద కూర్చుని చూస్తుంటే నవ్వొచ్చింది. వీళ్లు నిలబడి తలపడేది తక్కువ. కూర్చునే మొదలుపెడతారు. ఒకరు వెల్లకిలా పడుకుని కాళ్లతో రెండోవాళ్లను చుట్టుకుంటారు. మా వస్తాదు చూస్తే లంగోటా విప్పి ఇంటికి పొమ్మనేవాడు.

అక్కడ నేర్పే సార్ మరాఠీ పిల్లవాడు, ముప్పై ఏండ్లుంటాయి. నేను రోజూ వచ్చి కూర్చోవడం చూసి చాయ్ తెప్పించేవాడు. ఈ విద్య ఎట్ల పుట్టిందో ఆయనే చెప్పాడు. జపాన్ జూడో పహిల్వాన్ మిత్సుయో మాయెదా దేశదేశాలు తిరిగి 1914లో బ్రెజిల్ చేరాడు. బెలేం అనే ఊళ్లో స్థిరపడి కార్లోస్ గ్రేసీ అనే కుర్రవాడికి నేర్పాడు. కార్లోస్ తన తమ్ముళ్లకు నేర్పాడు. వాళ్లలో ఎలియో సన్నటివాడు, బలం లేనివాడు. బలంతో చేసేది తనకు చేతకాదు కాబట్టి, నేల మీద ఓపికతో, ఎదుటివాడి ఒంటి బరువునే వాడుకుంటూ చేసే పద్ధతిని బాగా సానబెట్టాడు. ఆ ఎలియో కొడుకు రాయిస్ 1993లో అమెరికాలో మొదటి యూఎఫ్‌సీ పోటీలో దిగాడు. బరువు విభాగాలు లేవు, ఎవరితోనైనా ఎవరైనా. చూడటానికి రాయిస్ మామూలు మనిషి. ఆఖరి పోటీలో ఎదుటివాణ్ని కింద పడేసి, వీపు మీదికి చేరి, మెడ పట్టు పట్టి గెలిచాడు. లోకానికి ఈ విద్య పేరు అప్పుడు తెలిసింది.

ఆ మెడ పట్టును బ్రెజిల్ వాళ్లు ‘మాతా లెయావ్’ అంటారట. వాళ్ల పోర్చుగీసు భాషలో సింహాన్ని చంపేది అని అర్థం. మాతా అంటే మనకు తల్లి, వాళ్లకు చంపడం. భాషలు ఎట్లుంటాయో చూడండి.

సరే, అసలు సంగతికి వస్తా. రెండో వారంలో ఒకరోజు మా మనవరాలు తనకన్నా బరువైన పిల్లతో పట్టింది. కిందపడి, వెంటనే బోర్లా తిరిగి మోకాళ్ల మీద ముడుచుకుంది. నేను బెంచీ మీంచి “శభాష్, బచాయించుకున్నవ్!” అన్నా. అది నాకేసి గుర్రుగా చూసింది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో, “తాతా, నేను చేసిన పెద్ద తప్పుకే నువ్వు చప్పట్లు కొట్టినవ్” అన్నది.

ఇక్కడ కుస్తీ తెలియని అక్కచెల్లెండ్ల కోసం కొంచెం చెప్పాలి. మన మట్టి కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితేనే చిత్. అంతవరకు ఓడినట్టు కాదు. అందుకే పడ్డవాడు వీపు ఆకాశానికి పెట్టి, బోర్లా పడి మట్టిని కరుచుకుంటాడు. పైవాడు వెనక కూర్చుని ఘిస్సా వేస్తాడు, కాళ్లు చొప్పించి సవారీ చేస్తాడు, ఎట్లాగైనా తిప్పాలని చూస్తాడు. కిందివాడు బండలాగ ఉంటాడు. “బోర్లా పడు, బతుకుతవ్” అని మా వస్తాదు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. మెడకు ఉరి పట్టు మన కుస్తీలో లేదు కాబట్టి ఆ మాట నిజమే.

జియు-జిత్సులో భుజాలు ఆనితే ఏమీ కాదు. వెల్లకిలా పడుకుని కూడా గెలవొచ్చు. కానీ వీపు ఇచ్చావో, అదే అన్నిటికన్నా చెడ్డ చోటు. వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో ఎదుటివాణ్ని కింద పడేస్తే 2 పాయింట్లు, కాళ్ల కట్టు దాటి పక్కకు చేరితే 3. వీపు మీదికి చేరి రెండు మడమలూ వాడి తొడల లోపలికి వేసి 3 సెకండ్లు నిలబెట్టుకుంటే 4. ఛాతీ మీదెక్కి కూర్చున్నా 4 పాయింట్లే, అంతకన్నా ఎక్కువ దేనికీ లేదు.

ఎందుకంటే, మనిషిని దేవుడు ముందుకే చేశాడు. కండ్లు ముందున్నాయి, చేతులు ముందుకు వంగుతాయి, తన్నినా ముందుకే తంతాం. వీపు దురదపెడితేనే గోడకు రాసుకునేవాళ్లం, వెనక అతుక్కున్న మనిషినేం చేస్తాం?

నాకు నమ్మకం కుదరలేదు. నలభై ఏండ్ల కింద నేర్చిన మాట ఊరికే పోదు కదా. “నేను బోర్లా పడుకుంటే నన్నెవరూ ఏం చెయ్యలేరు” అని రాత్రి అన్నం తింటూ వాదం పెట్టుకున్నా. “అయితే రా తాతా, చూపిస్తా” అని లేచింది మనవరాలు. మేం సోలాపూర్ నుంచి బిడ్డ కోసం పట్టుకుపోయిన రెండు చాదర్లు హాల్లో పరిచింది. మా ఇంటామె నల్లద్దాలు పెట్టుకుని మంచం మీదుంది. “ముసలోని నడుము విరిగితే చాకిరీ నాతోని కాదు, ముందే చెప్తున్నా” అన్నది.

నేను మోకాళ్లు, మోచేతుల మీద ముడుచుకున్నా. అది నా పక్కన మోకాలు వేసి, ముందు తన ఛాతీ నా వీపు మీద ఆనించింది. బరువంటే పెద్ద బరువు కాదు, నలభై ఐదు కిలోల పిల్ల. కానీ తొందర లేదు. ఒక చెయ్యి నా భుజం మీది నుంచి, ఇంకో చెయ్యి నా చంక కింది నుంచి వచ్చి, రెండూ నా రొమ్ము మీద కలిసినయి. కారులో సీటు బెల్టు ఎట్లుంటదో అట్ల. దాన్ని వాళ్లు సీట్ బెల్ట్ పట్టే అంటారు. తర్వాత ఒక మడమ నా తొడ లోపలికి కొక్కెంలాగ వేసింది. అప్పుడు నన్ను తన వైపు పక్కకు ఒరిగించింది. నేను ఒరగ్గానే రెండో వైపు సందు దొరికింది, రెండో మడమ పడింది. అంతే. నేను కదిలితే అదీ కదులుతది. లేస్తే లేస్తది, దొర్లితే దొర్లుతది. మెడ జోలికి పోనే లేదు, అయినా అయిదు నిమిషాల్లో నాకు దమ్ము వచ్చింది. దానికి చెమట కూడా పట్టలేదు.

“ఇడువవే, అర్థమైంది” అన్నా. “నోటితో కాదు తాతా, చేత్తో నా చెయ్యి మీద రెండుసార్లు కొట్టు” అన్నది. కొట్టిన. కొట్టగానే వదిలేసింది. దాన్నే ట్యాప్ అంటారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఆ రోజు నుంచి నేను బెంచీ మీద నవ్వడం మానేసి నేర్చుకోవడం మొదలుపెట్టా. ఆ నెలరోజుల్లో సార్ పిల్లలకు చెప్పగా విన్నవి, చూసినవి రాస్తున్నా. పిల్లలను ఇట్లాంటి క్లాసుకు పంపే తల్లిదండ్రులకు అక్కడ ఏం జరుగుతుందో తెలియాలి.

వెనక్కి చేరే దారులు చాలా ఉన్నాయి. ఎదుటివాడు తాబేలులాగ ముడుచుకున్నప్పుడు చేరేది ఒకటి, నామీద చూపించింది అదే. ఛాతీ మీద ఎక్కి కూర్చున్నప్పుడు కిందివాడు భయపడి బోర్లా తిరిగితే, తిరగనిచ్చి వెంటనే వీపుకు అంటుకోవడం ఇంకొకటి. నాకు అన్నిటికన్నా నచ్చింది చెయ్యి లాగేది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు వాడి మణికట్టు, దండ పట్టుకుని వాడి ఒంటికి అడ్డంగా లాగి, ఆ చెయ్యి పోయిన ఖాళీలోంచి మనం వెనక్కి చేరడం. లాగినప్పుడు వాడు మన దగ్గరికి రాడు, మనమే వాడి వెనక్కి పోతాం. మార్సెలో గార్సియా అనే బ్రెజిల్ పహిల్వాన్ దీనికి పేరు పొందినవాడట. 77 కిలోల లోపు విభాగంలో ఏడీసీసీ పోటీ 4 సార్లు గెలిచాడు. తనకన్నా ఎంతో బరువైనవాళ్ల వెనక్కి కూడా ఇట్లనే చేరేవాడు. సార్ ఆయన వీడియోలు ఫోన్‌లో చూపించాడు. ఎలుక పిల్లిని పట్టినట్టుంది.

చేరడం ఒక ఎత్తు, నిలవడం ఇంకో ఎత్తు. మా మనవరాలు ఓడిన కుస్తీలన్నీ చేరిన తర్వాత ఓడినవే. ఎందుకు జారిపోతున్నదో సార్ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు.

మొదటిది, ఛాతీకి వీపుకు మధ్య సందు ఉండొద్దు. గాలి చొరబడితే మనిషి చొరబడతాడు. పిల్లలు చేతులతో గట్టిగా బిగిస్తారు, ఛాతీ మాత్రం వెనక్కి పోతది. చేతులు రెండు నిమిషాల్లో అలిసిపోతాయి. ఛాతీ అలిసిపోదు. మా సాంచెల ఖాతాలో కొత్తగా చేరినవాళ్లకు ఇదే చెప్పేవాళ్లం. పడుగు మరీ బిగిస్తే పోగులు పుటుక్కున తెగుతాయి, వదులైతే నాడె సరిగ్గా పోదు. ఎప్పటికీ ఒకే బిగువు ఉండాలి.

రెండోది, తల. మన తల వాడి తల పక్కనే ఉండాలి, చెవికి చెవి ఆనినట్టు. తల దూరమైతే వాడు తన తలను నేలకు ఆనించి మన పట్టులోంచి తిరుగుతాడు.

మూడోది చేతుల సంగతి. రొమ్ము మీద రెండు చేతులూ కలిసినప్పుడు, చంక కింది నుంచి వచ్చిన చెయ్యి పైన, భుజం మీది నుంచి వచ్చిన చెయ్యి కింద ఉండాలి. భుజం మీది చేతికే కిందివాడు ఎగబడతాడు, రెండు చేతులతో పట్టుకుని పీకుతాడు. దాన్ని రెండో చెయ్యి కాపాడాలి. ఇంట్లో విలువైనదాన్ని లోపల పెట్టి మీద బట్ట కప్పినట్టు.

ఇక పక్కకు ఒరగాల్సి వస్తే భుజం మీది చెయ్యి ఉన్న వైపుకే ఒరగాలట. రెండో వైపుకు, అంటే చంక కింద చెయ్యి ఉన్న వైపుకు, ఒరిగితే కిందివాడికి పండగ. వాడు తన భుజాలను నేలకు ఆనించి, నడుమును మన కాలు దాటించి, మెల్లగా మనకేసి తిరిగిపోతాడు. నాకు ఇది వినగానే నవ్వొచ్చింది. కుస్తీలో భుజాలు నేలకు ఆనితే ఓటమి, ఇక్కడ వెనక చిక్కినవాడికి భుజాలు నేలకు ఆనడమే బతుకు.

కాళ్ల సంగతి మా మనవరాలికి చాలా రోజులు పట్టింది. భయంతో రెండు పాదాలనూ ముందర ఒకదాని మీద ఒకటి మెలివేసేది. అట్ల వేస్తే కిందివాడు తన కాళ్లతో ఆ మెలి మీదే నొక్కి చీలమండ విరిచే పట్టు పట్టొచ్చు. మెలి వెయ్యొద్దు, మడమలు కొక్కేల్లాగ తొడల లోపల ఉండాలి, అంతే. వీపు మీద మరీ పైకి ఎక్కినా తప్పే. కిందివాడు నడుము ఎత్తి తల వంచితే, ఎద్దు మీంచి పడ్డట్టు ముందుకు పడతాం. నేను చూస్తుండగా రెండుసార్లు అట్లనే పడింది, పడ్డ రెండుసార్లూ నాకేసే చూసింది, నేనేదో చేసినట్టు.

ఒక కొక్కెం ఊడిపోతే ఏం చెయ్యాలి? ఊడినదాన్ని పట్టుకుని వేలాడొద్దంటాడు సార్. వాడు తిరుగుతుంటే వాడితో పాటే కదిలి మళ్లీ వెయ్యాలి. వీలు కాకపోతే వాడు వెల్లకిలా తిరిగేలోపు వాడి ఛాతీ మీదికి ఎక్కి కూర్చోవాలి. వెనక పట్టు పోయినా పైపట్టు మిగులుతది. పోయే పట్టును ఎప్పుడు వదలాలో తెలియడం కూడా పట్టేనని నాకు అర్థమైంది. మా తాలీమ్‌లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. పట్టింది వదలొద్దు అన్నదొక్కటే చెప్పేవాళ్లు.

అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నమాట మాత్రం ఇదే: మెడ తర్వాత, ముందు వీపు. పిల్లలకు వెనక చేరగానే మెడ మీద కన్ను పడుతది. చేతులు అక్కడికి పోతాయి, కాళ్లు వదులైతాయి, మనిషి జారిపోతడు. ఆ క్లాసులో కొత్తవాళ్లకు చాలా రోజుల దాకా మెడ పట్టు నేర్పనే నేర్పరు. చివరిదాకా వెనక నిలవడం వచ్చినవాడికే ఆ మాట.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

తిరిగి వచ్చే ముందు ఆదివారం క్లాసులో చిన్న పోటీ పెట్టుకున్నారు. మా మనవరాలు చెయ్యి లాగి వెనక్కి చేరి, రెండు మడమలూ వేసి, సీట్ బెల్ట్ పట్టి, ఒకసారి జారబోయి నిలదొక్కుకుని, ఆఖరికి మెడ పట్టు పట్టింది. నేను ఫోన్‌లో వీడియో తీస్తున్నా. మెడ పట్టు పడగానే సంతోషం ఆగక ఫోన్ ఒళ్లో పడేసి చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత ఎదుటి పిల్ల ట్యాప్ చేసింది, మనవరాలు ఠక్కున వదిలింది, ఇద్దరూ చెయ్యి కలిపి నవ్వుకున్నారు. అవేవీ నా వీడియోలో లేవు.

సోలాపూర్ వచ్చి ఆ వీడియో ఎంతమందికి చూపించానో లెక్క లేదు. చాయ్ దుకాణంలో, తాలీమ్ ముందర, గుడి మెట్ల మీద. ఇంట్లో కొడుకు పిల్లలిద్దరికైతే రోజూ చూపించేవాణ్ని. పెద్దవాడికి పదమూడు, చిన్నవాడికి పది. “అక్క చూడు ఎట్ల పట్టిందో, మీరున్నారు ఎందుకు” అని కూడా అన్నా. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ డాబా మీద ఆడుకుంటున్నారు. చప్పుడు వస్తూనే ఉంది, నేను కింద పడుకుని వింటూనే ఉన్నా. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది. పిల్లలున్న ఇంట్లో చప్పుడు ఆగితే లేచి చూడాలని మా ఇంటామె ఎప్పుడూ అంటది. మెట్లెక్కి చూస్తే పెద్దవాడు గోడకు ఆనుకుని కూర్చుని, చిన్నవాణ్ని వెనక నుంచి పట్టుకుని ఉన్నాడు. మడమలు సరిగ్గానే వేశాడు. చెయ్యి మెడ చుట్టూ ఉంది. చిన్నవాడి చేతులు రెండూ పక్కలకు వేలాడుతున్నాయి, కండ్లు సగం తెరిచి ఉన్నాయి. పెద్దవాడు మాత్రం ఇంకా బిగిస్తనే ఉన్నాడు, నవ్వుతూ, ఇప్పుడు గెలిచా అన్నట్టు. వాడికి తమ్ముడి మొఖం కనపడటం లేదు.

నేను ఎట్ల ఊడదీశానో నాకే తెలియదు. చిన్నవాణ్ని నేల మీద పడుకోబెట్టా. కొన్ని సెకండ్లే అయి ఉంటుంది, నాకు ఒక షిఫ్టంత అనిపించింది. వాడు కండ్లు తెరిచి “నేనెక్కడున్నా తాతా?” అన్నాడు. దవాఖానకు తీసుకుపోయాం, డాక్టర్ చూసి ఏం కాలేదు, రాత్రంతా కనిపెట్టి ఉండమన్నాడు. మా కోడలు ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా మాట్లాడలేదు. ఆమె తప్పేం లేదు.

పెద్దవాణ్ని ఎవరూ కొట్టొద్దని చెప్పి, నా దగ్గర కూర్చోబెట్టుకుని అడిగిన. వాడు ఏడుస్తూ అన్న మాట ఇది: “వాడు నా చెయ్యి మీద కొట్టిండు తాతా, మస్తుసార్లు కొట్టిండు. తప్పించుకోనీకి కొడుతున్నడనుకున్న.”

వాడికి ట్యాప్ అంటే ఏందో తెలియదు. నేను చూపించిన వీడియోలో ట్యాప్ లేదు. నేను చప్పట్లు కొట్టిన చోట అది ఆగిపోయింది.

పుణె సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకుపోయే నరాలున్నాయి, ఆ పట్టు వాటిని నొక్కుతుంది, సరిగ్గా పడితే పది సెకండ్లకు అటూ ఇటూగా మనిషి తెలివి తప్పుతాడు, నొప్పి కూడా పెద్దగా ఉండదు అన్నాడు. ఊపిరి ఆడకపోతే మనిషి గింజుకుంటాడు, దగ్గుతాడు, మనకు తెలుస్తది. ఇది అట్ల కాదు, గమ్మున పోతాడు. అందుకే వెనక ఉన్నవాడిదే బాధ్యత. ఎదురుగా ఉంటే మొఖం చూసి తెలుసుకోవచ్చు. వెనక నుంచి మొఖం కనపడదు, చేతికి తగిలే దెబ్బే మాట. చేతులు ఇరుక్కుంటే కాలితో నేల మీద కొడతారు, లేకుంటే నోటితో చెప్తారు. ఏది వచ్చినా ఆ క్షణమే వదలాలి. ఏమీ రాకున్నా, పట్టినవాడు మెత్తబడ్డాడని అనిపిస్తే వదలాలి.

ఇది విన్నాక నాకు సాంచెల ఖాతా గుర్తొచ్చింది. అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు, పక్కనున్నవాడు అరిచినా వినపడదు. అందుకే మేమందరం చేత్తో మాట్లాడుకునేవాళ్లం. ఎవడైనా వెనక నుంచి వచ్చి భుజం మీద తట్టితే, ఎందుకు అని అడగకుండా ముందు సాంచె ఆపేవాళ్లం. ఎవరి వేలు ఎక్కడ ఇరుక్కుందో ఎవరికి తెలుసు? ఆపిన తర్వాతే అడగడం. ఏండ్ల తరబడి అట్ల పనిచేసిన నేను, నా మనవండ్లకు ఆ ఒక్క మాట చెప్పకుండా పట్టు చూపించాను.

ఎవరింట్లోనైనా ఇట్లాంటిది జరిగితే వెంటనే పట్టు విడిపించి, పిల్లవాణ్ని చదునుగా పడుకోబెట్టి ఊపిరి ఆడుతుందా చూడండి. తెలివిలేని నోట్లో నీళ్లు పొయ్యకండి, కుదపకండి. వెంటనే తెలివి రాకపోతే 108కి ఫోన్ చెయ్యండి. తెలివొచ్చినా డాక్టర్‌కు చూపించండి. వాడు లేచి ఆడుకుంటున్నాడు కదా అని వదిలెయ్యకండి. మెడ పట్టు ఎట్ల పట్టాలో నేనిక్కడ రాయలేదు, గమనించే ఉంటారు. అడిగినా చెప్పను. మ్యాట్ మీద, సార్ ఎదురుగా నేర్చుకోవలసింది అది.

ఇక ఆట మానిపించాలా అని మా కొడుకు అడిగాడు. మానిపిస్తే దొంగతనంగా ఆడతారు, అది ఇంకా ప్రమాదం. సార్ ఒక ఆట చెప్పాడు, ఇప్పుడు రోజూ సాయంత్రం మా హాల్లో చాదర్ పరిచి, నేను ముందు కూర్చున్నాకే అది ఆడతారు. ఒకడు వెనక నుంచి సీట్ బెల్ట్ పట్టు, మడమలు వేసుకుని మొదలుపెడతాడు. ముందున్నవాడు తన రెండు భుజాలూ చాదర్‌కు ఆనించి తప్పించుకోవాలి. గొంతు ఎముక పైకి ఎవరి చెయ్యీ పోవద్దు. పోతే ఆ రోజుకు ఆట బంద్. రెండు నిమిషాలకు ఒకసారి నేనే, కారణం లేకుండానే, ముందున్నవాణ్ని తట్టమంటా. తట్టినప్పుడు వెనకవాడు ఎంత తొందరగా వదిలిండో చూస్తా. పెద్దవాడు ఇప్పుడు వేలు తగిలినా వదిలేస్తున్నాడు. ఒక్కోసారి తట్టకముందే వదిలేస్తున్నాడు, వాడి చేతుల్లో ఇంకా భయం ఉంది. అది పోవడానికి కొన్నాళ్లు పడుతది, నేను తొందరపెట్టను.

కోడలు మొదటి వారం గుమ్మంలో నిలబడి చూసేది. నిన్న బియ్యం చాట పట్టుకుని వచ్చి కూర్చుంది, రాళ్లేరుతూ చూసింది. చిన్నవాడు మాత్రం ఈ రోజు నుంచి తనే ముందు వెనక కూర్చుంటానని పేచీ పెడుతున్నాడు. దీపావళికి అక్క వస్తే దాని వీపు పట్టుకోవాలట.